పొట్టి కోళ్ల అత్త

పక్కింటి అత్త పోయిందని తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అక్కా, అత్త ఎల్లిపోనాది. మజ్జాన్నానికి తీసీత్తారట. బేగి వచ్చీ" అన్నాడు. టెక్కలి నుంచి పలాస ఎంత దూరమని! బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఇక ఆమె నన్ను తిట్టే వీలు కూడా లేదు కదా అనిపించింది. ఆమె తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సంతాపం అనుకుంటే సంతాపం, ఒప్పుకోలు అనుకుంటే ఒప్పుకోలు.

ఆమె మాకు చుట్టం కాదు. పలాసలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ, అంతే. అత్తది వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు ఊరు. జీడిపప్పు కార్ఖానాలో పప్పు మీది పొట్టు తీసే పని చేసేది. మావ బస్తాలు మోసేవాడు. కలకత్తాలో పనికి వెళ్లిన ఆమె తమ్ముడు ఒకసారి రైలు దిగి, చేతిసంచీలోంచి ఒక పుంజునీ రెండు పెట్టల్నీ తీసి నేలమీద పెట్టాడు. పావురమంత ఉన్నాయి. కాళ్ల నిండా ఈకలే. మా వీధి వీధంతా వచ్చి చూసింది. "ఇవి పిల్లలేటే?" అని మా అమ్మ అడిగితే, "కాదొదినా, ఇయ్యే పెద్దయి. ఇంక ఎదగవంట" అంది అత్త, తనే కన్నంత గొప్పగా.

వాటిని ఆమె పెరట్లో ఉంచలేదు. ఇంట్లోనే పెంచింది. ఖాళీ జీడిపప్పు డబ్బాను పక్కకి పడుకోబెట్టి, లోపల పాత చీర పరిచి, వాటికి గూడు చేసింది. అవి గది పాడుచేసిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచేది, విసుక్కునేది కాదు. సాయంత్రం కార్ఖానా నుంచి రాగానే గుమ్మంలో కూలబడేది. ఆమె చీర కుచ్చిళ్లలో చిక్కుకున్న ఎర్రటి పప్పు పొట్టును ఆ మూడూ ఒక్కొక్కటిగా పొడుచుకుని తినేవి. "సూడు, దులపక్కర్నేదు నాకు" అని నవ్వేది. జీడి రసం తగిలి నల్లబడిన వేళ్లతో పుంజు మెడ నిమిరేది. అది కళ్లు మూసుకునేది.

ఊరంతా వేళాకోళమే. ఒకసారి మావ బావగారు వస్తే అత్త బజారుకెళ్లి కోడి కొని తెచ్చింది. ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇంట్లో మూడు కోళ్లెట్టుకుని బజారు కోడి ఎడతావేటి నాకు?" అన్నాడు. అత్త తగ్గలేదు. "ఇంట్లో మడుసులున్నారని మడుసుల్ని కోసీత్తామేటి, అన్నయ్యా?" అంది. ఆయన బజారు కోడే తిన్నాడు. బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు కూడా.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక వానాకాలం, అత్త తల్లికి బాగోలేదని కబురొస్తే అత్తా మావా ఊరెళ్లారు. అత్త తాళం నా చేతికిచ్చింది. "గుంటా, నూకలెయ్యి, నీళ్లెట్టు. ఎనక కిటికీకి గొళ్లెం ఏసినాను, తియ్యకు. పిల్లి తిరుగుతంది" అంది. రెండో రోజుకి ముసురు పట్టింది. కోళ్లు మూడూ డబ్బాలో ముడుచుకుని కూర్చున్నాయి. పాపం, చలేస్తోంది కాబోలనుకున్నాను. కట్టెలు చూస్తే తడిసిపోయాయి. మా పెరట్లో జీడి తొక్కల బస్తా ఉంది. మా వైపు నీళ్లు కాచుకోవడానికి వాటినే మండిస్తారు, కానీ ఆరుబయట. ఆ పొగ ఎంత ఘాటో మా ఊళ్లో చంటిపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. నిప్పు రాజుకుంటే పొగ తగ్గిపోతుందిలే అనుకున్నాను. ఇనుప మూకుడులో నిప్పులు వేసి, మీద తొక్కలు పోసి, గది మధ్యలో పెట్టి తలుపు దగ్గరగా వేశాను. ఎదురింట్లో టీవీలో సినిమా వస్తోంది. చూసి వద్దామని వెళ్లాను. పూర్తయ్యేదాకా లేవలేదు.

తిరిగొచ్చి తలుపు తీస్తే కళ్లు మండిపోయాయి. మూడూ ఆ డబ్బా మూలకి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

నేను చేసిన అసలు తప్పు అది కాదు. అప్పుడు ఏడ్చి మా అమ్మకి చెప్పి ఉంటే నాలుగు దెబ్బలతో పోయేది. నేను వాటిని పెరట్లో మునగచెట్టు పక్కన పూడ్చాను. పూడ్చే ముందు గుప్పెడు ఈకలు పీకాను. వెనక కిటికీ గొళ్లెం తీసి, ఆ ఈకల్ని దాని కింద చల్లాను. తలుపులు బార్లా తీసి నేలంతా ఫినాయిల్‌తో కడిగాను. జీడి వాసన మా ఊళ్లో ఎవరి ముక్కుకీ ఆనదు, అది ఎప్పుడూ ఉండేదే. ఛీ, ఎంత తెలివి నాది!

అత్త వచ్చి ఆ ఈకలు చూసింది. "గొళ్లెం పడనేదేమో అత్తా. పిల్లి దూరినాది" అన్నాను. నువ్వు వెయ్యలేదని అననైతే అనలేదు. అంత మాత్రం చాలింది. నేలమీద కూలబడి, "ఏసినాననుకున్నానే, ఓలమ్మో, ఏసినాననుకున్నాను! నా సేతుల్తోనే సంపీసుకున్నాను" అని తల కొట్టుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత ఆమె మారిపోయింది. పిల్లి కనిపిస్తే రాయి తీసేది. ఇల్లు కదిలితే వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి గొళ్లెం చూసుకునేది. ఒక్కోరోజు మూడుసార్లు. కార్ఖానాలో మేస్త్రీ చేత చీవాట్లు తింది. వీధిలో పిల్లలు "కిటికీ అత్త" అని పేరు పెట్టారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆమె తమ్ముడు ఇంకో జత తెస్తానంటే, "నాకొద్దురా, నాను మతిలేని దాన్ని. వాటి ఉసురు పోసుకోలేను" అంది.

నాకు పెళ్లయింది, టెక్కలి వచ్చేశాను. ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి, వాళ్ల ఊరి వాళ్లకి చాలామందికి పాడైనట్టే. పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. మంచం మీద గుప్పెడంత అయిపోయింది. వెళ్లొస్తానని లేస్తే, "ఎనక కిటికీ ఓపాలి సూసి ఎల్లే" అంది. ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను. మూకుడు, సినిమా, ఈకలు, అన్నీ.

వెనక కిటికీ వైపు తల తిప్పింది. తర్వాత, "అయితే గొళ్లెం నాను ఏసే ఎల్లినానా?" అంది.

"ఏసే ఎల్లినావత్తా."

"అరిసినాయేటే అవి?"

"తెల్దత్తా. నానక్కడ ఉండనేదు."

నా చేతుల వైపు చూసింది. తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. "ఎల్లు, బస్సు దాటిపోద్ది" అని అటు తిరిగి పడుకుంది. నాతో అదే ఆఖరి మాట.

అత్త పోయిన పదో రోజున మావ దగ్గర కూర్చున్నాను. ఆయనకి నా సంగతేమీ తెలియదు. "నువ్వొచ్చి ఎల్లిన కాణ్నించి ఏటో అయినాది మీ అత్తకి. ఆ ఎనక కిటికీ తెరిసేయమంది. పిల్లికి పాలన్నం ఎట్టమని నన్ను పోరింది. 'ఇన్నేళ్లు దాన్ని ఊరికే కొట్టినాను మావా, దాని తప్పేటి నేదు' అని ఒకటే గోల. తను తినకపోయినా దానికి ఎట్టే దాకా ఒగ్గేది కాదు" అన్నాడు.

చెయ్యని తప్పుకి అన్నేళ్లు కుమిలిపోయిన మనిషి, ఆఖరి రోజుల్లో నా అబద్ధానికి పిల్లి దగ్గర పరిహారం చేసుకుంటూ పోయింది. చెయ్యాల్సింది నేను.

వంటింట్లోకి వెళ్లి ఒక పళ్లెంలో పాలన్నం కలిపాను. ఒక బూడిదరంగు పిల్లి తెరిచి ఉన్న వెనక కిటికీ మీద కూర్చుని ఖాళీ మంచం వైపు చూస్తోంది. ఒక చెవి చివర చిరిగి ఉంది. పళ్లెం కిటికీలో పెట్టాను. నేను నిలబడి ఉన్నంతసేపూ అది ముట్టుకోలేదు. గుమ్మం దాకా వెనక్కి జరిగాను. అప్పుడు తల వంచి, మధ్య మధ్యలో నన్ను చూసుకుంటూ, తినడం మొదలుపెట్టింది.