నిలువెత్తు బెల్లం

'అడగందే అమ్మయినా పెట్టదు' అనే సామెత పుట్టించినవాళ్లు శైలజ కొడుకును చూసి ఉండరు. ఐదేళ్లు నిండినా వేణు నోరు విప్పి ఏదీ అడగలేదు. కావలసింది దొరక్కపోతే రక్తం వచ్చేదాకా ముంజేయి కొరుక్కునేవాడు. కొరకడం మొదలుపెట్టగానే వాడికేం కావాలో కనిపెట్టి ఇవ్వడమే శైలజకు బతుకైపోయింది. బోధన్ దగ్గర వాళ్ల ఊళ్లో తలా ఒకటి చెప్పిన నాటుమందులన్నీ అయ్యాయి. చివరికి ఆటిజమని డాక్టరు తేల్చాక, వాణ్ణి వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో ఒక థెరపీ సెంటరుకు బస్సులో తిరగసాగింది.

అక్కడ సంజన అనే అమ్మాయి నేర్పేది. ఏబీఏ అనే తమ పద్ధతి మందూ మాకూ కాదని, ఏం చేస్తే ఏం దొరుకుతుందో చూసే పిల్లలు నేర్చుకుంటారని చెప్పింది. కొరికితే దొరికింది కాబట్టే వీడు కొరకడం నేర్చాడట. ఇన్నాళ్లూ తాను నేర్పింది అదా అని శైలజ కుమిలిపోయింది. వేణుకు బెల్లమంటే ప్రాణం. అది చూపించి, వాడు చిన్న శబ్దం చేసినా సరే, ఆ క్షణమే ఇవ్వాలి. కొరికితే మాత్రం ఇవ్వకూడదు.

“అక్కా, మాట కొత్తగ వచ్చినప్పుడు అడిగిన ప్రతిసారి దొరకాలె. లేకుంటే అడుగుడు దండగ అనుకుంటడు,” అంది సంజన.

ఆనాటి నుంచి శైలజ కొంగున బెల్లం ముడేసుకునే తిరిగింది. కొంగుకు చీమలు పట్టేవి, ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. నెలల తర్వాత, చెరుకు కోతలు మొదలైన రోజుల్లో, వేణు ఆ ముడి పట్టుకుని “బె” అన్నాడు. ముక్క వాడి నోట్లో పెట్టి ఆమె భోరున ఏడ్చింది. ఆ మాట నిలబడుతూ వచ్చింది, చేతి మీద గాట్లు మానుతూ వచ్చాయి.

అత్త ముత్తవ్వ చెడ్డది కాదు. మనవడి కోసం ఆమె ఎక్కని గుట్ట లేదు, మొక్కని రాయి లేదు. వాడికి మాట వస్తే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. ఆ తల్లికి బంగారమంటే బెల్లమే, మనిషి ఎంత బరువుంటే అంత. మేడారం ప్రయాణానికి ముందు ముత్తవ్వ వాకిట్లో తరాజు కట్టించి, డప్పులు పెట్టించింది. శైలజ వద్దనలేదు. తన కొడుకు మాట ఊరంతా వినాలని ఆమెకు మాత్రం ఉండదా?

డప్పుల మోతకు చెవులు మూసుకున్న వేణును ఒక పళ్లెంలో కూర్చోబెట్టారు. ఎదుటి పళ్లెంలో బెల్లం ముద్దలు పేర్చారు. వాడు చెవుల మీది చేతులు తీసి “బె” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారే గాని, ఒక్కరూ ఇవ్వలేదు. వాడు తల్లి వైపు తిరిగి మళ్లీ అన్నాడు. శైలజ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

“ఆగు బిడ్డా. తల్లికి ముట్టేదాక ఇంట్ల ఎవ్వలు బెల్లం నోట్ల పెట్టొద్దు,” అంది ముత్తవ్వ.

నలుగురిలో అత్త మాట కాదనలేక శైలజ చెయ్యి వెనక్కి తీసుకుంది. వాడు గొంతు పెంచి, నేర్పినట్టే, అడుగుతూనే ఉన్నాడు. అడిగి అడిగి, చివరికి ముంజేయి నోట్లో పెట్టుకున్నాడు. రక్తం చూసేసరికి ముత్తవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొక్కు సంగతే మరిచి, తరాజులోంచే పెద్ద ముద్ద విరిచి వాడి నోటికి అందించింది.

“తిను కొడుకా, తల్లి ఏమనుకోదు.”

వాడు కొరకడం ఆపాడు. అంతా అమ్మయ్య అనుకున్నారు. వాడు ఆ వాకిట్లో ఏం నేర్చుకున్నాడో శైలజ ఒక్కదానికే అర్థమైంది.

జాతర అయింది, మొక్కు తీరింది. “బె” మాత్రం మళ్లీ రాలేదు. మొదటినుంచి మొదలుపెడదామంది సంజన, వస్తుందని మాటివ్వలేనని కూడా అంది. ముత్తవ్వ మరో మొక్కు మొక్కుకుంది. ఆమెతో చెప్పి ఏం లాభమని శైలజ ఊరుకుంది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వాడి ముందు బెల్లం పట్టుకుని కూర్చుంటుంది. “బె” అని తానే అంటుంది. వాడు బెల్లం వైపు చూస్తాడు, తర్వాత మెల్లగా ముంజేయి నోటి దగ్గరికి ఎత్తుతాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వాడు అడిగాడు. అమ్మ పెట్టలేదు.