కరుణ అక్క పంపు మార్చిన ఎండాకాలం

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ బెల్ కొట్టారు. కరుణ అక్క రాలేదు.

ఒంట్లో నలతగా ఉందని రెండు రోజులుగా లీవ్‌లో ఉంది. పొద్దున తప్పకుండా వస్తానని ముందు రోజు మెసేజ్ పెట్టింది. లేటైందేమో అని ఫోన్ చేస్తే వాళ్లాయన ప్రభుదాస్ బావ ఎత్తాడు.

"అక్క పోయింది చెల్లె" అన్నాడు.

ఎక్కడికి పోయింది అని అడిగాను.

నిజంగానే అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిందట. ఆ మాట విన్నప్పటి నుంచి ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. చాన్నాళ్లుగా అక్కకు మెట్లెక్కితే ఆయాసం. దవాఖానకు పోదాం అంటే యూనిట్ టెస్టులు కానీ అంది. టెస్టులయ్యాక పేపర్లు దిద్దాలంది. నేను గట్టిగా అంటే, నీ పని నువ్వు చూసుకో అని నా మీదే ఎగిరింది.

తెలియనివాళ్లకు చెప్తున్నా. గోదావరిఖనిలో మా స్కూల్లో ఆమె లెక్కల టీచర్, నేను తెలుగు టీచర్. వాళ్ల హాల్లో ఒక గోడ పొడుగునా అక్వేరియం ఉంటుంది. జ్యోతినగర్ నుంచి ట్రాన్స్‌ఫర్ అయిపోతున్న ఒక ఇంజనీరు వాళ్ల దగ్గర తీసుకుంది. పైన చేపల ట్యాంకు, కింద స్టాండులో ఇంకో చిన్న ట్యాంకు. పై నీళ్లు పైపులో కిందికి దిగి, స్పాంజీల్లో శుభ్రమై, మళ్లీ పైకి పోవాలి. అలా పైకి పంపేదే రిటర్న్ పంపు.

పోయిన ఎండాకాలం అది ఆగిపోయింది.

మంచిర్యాలలో ఒక షాపతను డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని రాసిన నంబర్ చూపించి కొత్త పంపు ఇచ్చాడు. బిగిస్తే పైన సన్నటి ధార. చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అక్క చిన్న గాలి మోటరు పెట్టి వాటిని బతికించింది. వాపస్ ఇవ్వబోతే, తడిసిన మాల్ తీసుకోం మేడం అన్నాడతను.

ఆదివారం చర్చి కాగానే నన్ను మంచిర్యాల బస్సెక్కించింది. ఆమె చేతిలో పంపు, పైపు. నా చేతిలో బకెట్. నేనేమో పట్టుచీరలో. అందరూ చూస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

షాపులో ఆమె గొంతు పెంచలేదు. బకెట్‌లో నీళ్లు పోయించింది. పంపు అందులో ముంచి, పైపు కొసను తన భుజం దాకా ఎత్తి పట్టుకుంది. నీళ్లు చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"డబ్బా మీద రాసింది ఎత్తు లేనప్పటి లెక్క. మా ట్యాంకు గింత ఎత్తుంటది. గింత ఎత్తుకు నీళ్లు పంపే మోటరు ఇయ్యి తమ్మీ" అంది.

గిరాకీలంతా చుట్టూ మూగారు. షాపతను పెద్ద పంపు తీశాడు. దాన్నీ అక్కడే పరీక్షించింది. ఆ నీళ్లు నా చీర మీదే పడ్డాయి.

ఇంటికొచ్చి బిగించాం. చప్పుడు రాకుండా కింద స్పాంజి ముక్క వేసింది. పైన నీళ్లు బ్రహ్మాండంగా పడ్డాయి. హమ్మయ్య, ఇంటికి పోదాం అనుకున్నాను. ఆకలి దంచేస్తోంది.

అప్పుడు ప్లగ్గు తనే పీకేసింది.

పై నీళ్లు అదే పైపులోంచి వెనక్కి దిగాయి. కింది ట్యాంకు నిండి పొర్లింది. హాలంతా నీళ్లు. డ్యూటీ దిగి వచ్చి అక్కడే మంచం మీద పడుకున్న బావ లేచి నీళ్లలో కాళ్లు పెట్టాడు. మా ఇద్దరినీ చూశాడు. కాళ్లు మళ్లీ మంచం మీదికి తీసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపావు అని అడిగాను.

"నడిచేటప్పుడు అన్ని మంచిగనే ఉంటయి. మనకాడ కరెంటు పోకుంట ఉంటదా? పోయినప్పుడు ఏమైతదో మనం ఉన్నప్పుడే సూడాలె" అంది.

పైపు కొసను నీటి పైభాగానికి దగ్గరగా జరిపింది. నీళ్లు కొంచెం తగ్గగానే పైపు గాలి పీల్చి, దిగడం ఆగిపోతుందట. మళ్లీ పీకింది. ఇంకొంచెం జరిపి మళ్లీ పీకింది. ప్రతిసారీ తుడిచింది నేనే. నేల పొడిగా నిలిచేదాకా నన్ను కదలనివ్వలేదు.

ఇంత చూసుకునే మనిషి ఒక్క ఈసీజీ తీయించుకోలేదు. ఎవర్ని అడగాలి నేను?

నిన్న సాయంత్రం సమాధి కార్యక్రమం అయ్యాక అందరం వాళ్లింట్లో కూర్చున్నాం. స్టాండులోంచి గురగురమని ఒకటే చప్పుడు. సావు ఇంట్ల గీ లొల్లేంది, ఆ మోటరు బంద్ చెయ్యుండ్రి అని ఎవరో పెద్దాయన అన్నాడు. ఒకాయన స్విచ్ దాకా పోయాడు.

"ముట్టకుండ్రి" అన్నాడు బావ.

నేను స్టాండు తలుపు తెరిచాను. అక్క లీవ్ పెట్టి పడుకున్నప్పటి నుంచి ఎవరూ నీళ్లు పోయలేదు. కింది ట్యాంకులో నీళ్లు ఆరి తగ్గిపోయి పంపు గాలి మింగుతోంది. పక్కనే ఆమె బకెట్లో పట్టి ఉంచిన నీళ్లున్నాయి. పోశాను. చప్పుడు ఆగింది.

బావ వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎంత దాక పొయ్యాలె చెల్లె?" అని అడిగాడు.

అద్దం మీద అక్క గీసిన గీత చూపించాను. మిగతా నీళ్లు ఆయనే పోశాడు.

నా కోపం ఇంకా తగ్గలేదు అక్కా. ఇప్పట్లో తగ్గదు కూడా.

అయినా పోయి రా. ఆయాసం లేని చోట, ఆ ప్రభువు దగ్గర, నిమ్మళంగా పడుకో.