బస్తానార్ ఘాటు రెండుసార్లు ఎక్కిన కారు

"ఇంజన్ బైఠ్ గయా, భాయీసాబ్. ఇక పనికిరాదు. కొత్త ఇంజన్ వేయించు. లేదంటే బండి నాకే అమ్మెయ్" అన్నాడు జగదల్‌పూర్ షెడ్డు యజమాని, ఫోన్లో.

"విప్పి చూశారా?" అనడిగాను.

"ఇంతకాలంగా ఇదే పని చేస్తున్నాం. చప్పుడు వింటే చాలదా?"

ఆ జవాబుకే మర్నాడు బయలుదేరాను.

బస్తానార్ ఘాటు రోడ్డు మీద కొండ ఎక్కుతూ మా కారు ఆవిర్లు కక్కి ఆగిపోతే, లారీకి తాడు కట్టి జగదల్‌పూర్ చేర్చాను. అది మూడు వారాల కిందటి మాట. మా అక్క సీతమ్మ పాదానికి షుగర్ పుండు. వారానికి రెండుసార్లు ఆవపల్లి నుంచి బీజాపూర్ ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు మార్పించాలి. కారు లేని ఈ మూడు వారాలూ ఆమె ఎవరిదో ఒకరి బైకు వెనక, కాలు పక్కకు చాపుకొని, దుమ్ము తింటూ వెళ్ళింది. పోయినసారి నర్సు కట్టు విప్పి కోప్పడింది. అక్క ఇంట్లో పుండు మీద పసుపు దట్టించుకుంది. "పైన పసుపు కప్పితే లోపలి చీము పోతుందా అమ్మా? ఇట్లాగే దుమ్ములో తిరిగితే వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుంది" అంది నర్సు.

నేను ధాన్యం కాటా దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. ఆ లెక్కలూ ఎవరూ నేర్పినవి కావు. కారు పనీ అలాగే నేర్చుకోవచ్చనుకున్నాను. బీజాపూర్‌లో సిగ్నల్ దొరికినప్పుడల్లా వీడియోలు దించుకొని ఇంటి దగ్గర చూశాను. పానాల సెట్టు ఒకటి కొన్నాను.

"అమ్మేసి రా తమ్ముడా. డొక్కుబండి కోసం ఇంత తిరుగుడేంది?" అంది అక్క గడపలో నిలబడి. నిలబడడానికి తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. చూశాను.

ఆవపల్లిలో పొద్దున ఆరున్నర బస్సు. అది తప్పితే ఆ రోజు జగదల్‌పూర్‌లో పని అయ్యే ఆశ వదులుకోవాలి. బీజాపూర్‌లో బస్సు మారాను. కిటికీ పక్కన కూర్చున్న రైతు నాగయ్యది మా ఆవపల్లి పక్క ఊరే. కాలిపోయిన పంపు మోటారుకు కొత్త చుట్లు వేయించడానికి జగదల్‌పూర్‌లో ఇచ్చాడట, తెచ్చుకోవడానికి పోతున్నాడు.

"ఏంది అన్నా, సంచిల గలగల?"

"పానాలు. కారు బాగు చేసుకోవడం నేర్చుకుంటున్నాను."

"ఎవరి కారు మీద?"

"నా కారు మీదే."

"మంచిదే. నేర్చుకునే మంగలికి సొంత తల దొరికినట్టున్నది!"

గీదంలో భోజనానికి ఆపుతారు. ఎంతసేపో అడిగి మరీ దిగండి. నేను అడగలేదు, పప్పు కలుపుతుండగానే హారన్ మోగింది. జగదల్‌పూర్ చేరేసరికి రెండు దాటింది. షెడ్డుకు వెళితే ఆ రోజు సెలవని తాళం వేసి ఉంది. నాగయ్య మోటారు మర్నాటికి గానీ కాదన్నారు. ఇద్దరం బస్టాండు వెనక లాడ్జిలో ఒకే గది తీసుకున్నాం. దోమతెర అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఇవ్వరు.

మర్నాడు తొమ్మిదింటికి షెడ్డుకు వెళ్ళాను. బానెట్ మీద మూడు వారాల దుమ్ము అలాగే ఉంది. ఒక్క వేలిముద్ర లేదు! ఇంజన్ చచ్చిందని తేల్చిన వైద్యుడు రోగిని ముట్టనైనా ముట్టలేదు.

"ఘాటు మీద ఆగినప్పుడు రేడియేటర్ పై పైపు కాలిపోతోంది, కింది పైపు చల్లగా ఉంది. అంటే నీళ్ళు తిరగడం లేదు. ఆయిల్ కూడా శుభ్రంగా ఉంది. ఇంజన్ పోయిందని ఎలా అంటారు?" అని హిందీలో నిలదీశాను.

యజమాని పనివాళ్ళ వైపు తిరిగి, "ఫోన్ చూసి వచ్చిన ఇంజనీరు సాబ్!" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళ ఆవరణలో బయటివాళ్ళు పానా పట్టకూడదట. కారు నిలిపినందుకు అద్దె మాత్రం వసూలు చేశాడు. ముట్టని చేతికి కూలి!

నేనూ నాగయ్యా కారును రోడ్డు అవతల టీ హోటల్ ముందుకు నెట్టాం. హోటల్ సత్యవతిది. ఆమె కోస్తా నుంచి బైలాడీలా గనుల ఊరికి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చిందట. ఆమె ఇచ్చిన ఆకు దొన్నెలు వరసగా పెట్టి, ఏ భాగం బోల్టులు ఆ దొన్నెలో వేశాను. మొదటిసారి విప్పేవాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య థర్మోస్టాట్ అనే చిన్న తలుపుంటుంది. ఇంజన్ వేడెక్కగానే అది తెరుచుకొని నీళ్ళను చల్లబడడానికి పంపాలి. చల్లారిన ఇంజన్ మీద దాన్ని విప్పితే పచ్చటి బురద ముద్దలా వచ్చింది.

నాగయ్య వంగి వాసన చూశాడు. "పసుపు గదనే! కారుకు పులుసు పెట్టినవా అన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన వానాకాలం రేడియేటర్ కారుతుంటే, మా దారిలోని ఒక మెకానిక్ "కంపెనీ పౌడర్" అని కాగితం పొట్లం విప్పి పోశాడు, దానికి వేరే బిల్లు కూడా తీసుకున్నాడు. అది వంటింటి పసుపు! చిల్లిని పూడ్చింది, దాంతోపాటు నీళ్ళ దారినీ పూడ్చింది.

"సత్యవతిగారూ, ఒక గిన్నెలో నీళ్ళు మరిగించి ఇస్తారా? ఇది తెరుచుకుంటుందో లేదో చూడాలి."

"ఏంటండీ, నా గిన్నెలో ఇనుప ముక్క ఉడకబెడతారా? ఆ తర్వాత టీ ఎవరు తాగుతారండీ?" అంటూనే పాత సత్తుగిన్నె ఒకటి పొయ్యి మీద పెట్టింది.

నీళ్ళు తెర్లినా పాత థర్మోస్టాట్ నోరు తెరవలేదు. దుకాణం నుంచి తెచ్చిన కొత్తదాన్ని వేస్తే, మరుగుతుండగానే మెల్లగా తెరుచుకుంది. టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకొని చుట్టూ మూగారు. షెడ్డు గుమ్మంలో మాత్రం ఒక్కరూ లేరు.

రేడియేటర్‌లోంచి తేటనీళ్ళు వచ్చేదాకా గొట్టంతో కడిగాను. దాన్ని విప్పి తీసుకెళ్ళి, ఆ పాత చిల్లిని పక్కవీధి అతుకుల దుకాణంలో పూడ్పించాను. కొత్త థర్మోస్టాట్ బిగించి నీళ్ళు పోస్తే అంచు నుంచి బొట్లు రాలాయి. పాత వాషర్ ముక్కలు గీకకుండా బిగించానని అప్పుడు తెలిసింది. మళ్ళీ విప్పి, శుభ్రంగా గీకి, బిగించాను. మీరు చేస్తే ముందే గీకండి.

ఒంటిగంటకు నాగయ్య మోటారును డిక్కీలో వేసుకొని బయలుదేరాం. జగదల్‌పూర్ నుంచి వస్తే బస్తానార్ ఘాటు దిగుడు. ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలిచింది. కింద చేరాక నాగయ్య, "గెలిచినవే అన్నా!" అన్నాడు.

నేను కారును వెనక్కి తిప్పాను.

"ఏంది అన్నా, ఇంటికి పోతున్నవా, జగదల్‌పూర్ పోతున్నవా?"

"దిగడం పరీక్ష కాదు నాగయ్యా. ఎక్కుతూనే కదా ఆగింది. రేపు ఇందులో మా అక్క కూర్చోవాలి."

"నా మోటార్ కూడ పరీక్షకేనా?"

"బరువుంటే ఇంకా మంచిది."

పైదాకా ఎక్కాను. ముల్లు కదల్లేదు. అయినా నమ్మలేదు. దిగి వచ్చి మళ్ళీ ఎక్కాను. రెండోసారి నాగయ్య కూడా ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. పైన ఇంజన్ ఆపి, కింది పైపు ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నీళ్ళు తిరుగుతున్నాయి.

ఘాటు దిగి, భైరంగఢ్, బీజాపూర్ దాటి, నాగయ్యనూ మోటారునూ దింపి ఆవపల్లి చేరేసరికి దీపాలు పెట్టారు. దారి పొడవునా నాకు కోపం చల్లారలేదు. ఒకడు పసుపు పోసి జబ్బును దాచాడు, ఇంకొకడు విప్పకుండానే చావు చెప్పాడు. ఇద్దరికీ దుకాణం బోర్డులున్నాయి. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఎవరు ఏం చెప్పినా, "నా ముందు విప్పి చూపించు" అనండి. చూపించనంటే బండి నెట్టుకొని రోడ్డు దాటండి.

మర్నాడు పొద్దున అక్క వెనక సీట్లో కాలు చాపుకొని కూర్చుంది. తలుపు వేయబోతుంటే ముక్కు ఎగబీల్చింది.

"తమ్ముడా, కారుల పసుపు వాసనొస్తున్నదేంది?"

"కడిగేశాను అక్కా. ఇక నీ కాలిది కడిగించాలి" అని కారు తీశాను.