లేని పన్ను నంబరు

పళ్ళాసుపత్రిలో పేషెంటు కుర్చీకి కుడిపక్కన కూర్చునేది డాక్టరు, ఎడమపక్కన ఉండేది సహాయకురాలు. సరిహద్దు ఏటికి అవతల ఉన్నన్నాళ్ళూ ఆమె కుడిపక్క మనిషే. పెళ్ళై వంతెన దాటాక ఎడమపక్కకి చేరింది. చేతిలో ఉమ్మి లాగే గొట్టం. దీపం పడి మెరిసే నోళ్ళు ఆమెకి తడిసిన తెల్లరాళ్ళ గుహల్లా కనిపించేవి. గొట్టం సన్నగా గురక పెడుతుంటే ఆమె చూపు ఆ గుహల్లోకి నడుచుకుంటూ పోయేది. రెండో చేతి వేళ్ళు మాత్రం డాక్టరు చేసే పనినే గాలిలో చేస్తుండేవి.

వీధిలో అందరికీ ఆమె పళ్ళక్క. ఎవరి పన్ను సలిపినా ఆమె గుమ్మం ముందుకొచ్చి నోరు తెరిచేవాళ్ళు. చూసేది, చెప్పేది, చెయ్యి మాత్రం పెట్టేది కాదు. ఇవతల వైద్యం చెయ్యాలంటే ఇవతలి మండలి మళ్ళీ పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వాలి. ఏరు దాటితే మనుషుల పళ్ళు మారిపోతాయని వాళ్ళ నమ్మకం కాబోలు.

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. వీళ్ళకి ఆ రాయి కూడా ఈ ఒడ్డుదే కావాలా?" అనేది అత్తగారు.

నిజానికి ఒకసారి పరీక్షకి వెళ్ళింది. రబ్బరు ముఖం బొమ్మ నోట్లో పదకొండో పన్నుని తొడుగుకి వీలుగా చెక్కమన్నారు. అవతల నోటిని నాలుగు భాగాలు చేసి లెక్కపెడతారు, పదకొండంటే ఒకటో భాగంలో ఒకటోది, ముందరి పన్ను. ఇవతల పై దవడ కుడి చివర మొదలుపెట్టి వరసగా ముప్పైరెండు దాకా పోతారు, పదకొండంటే ఎడమవైపు కోరపన్ను. ఆమె ముందరి పన్ను చెక్కింది. తప్పు పన్నుని ఇంత అందంగా చెక్కినవాళ్ళని చూడలేదన్నాడు పరీక్షకుడు. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

అప్పటినుంచి వంటింట్లో పాఠం అత్తగారిదే. కూర తరుగుతూ తరుగుతూ నోరు తెరిచి వేలు పెట్టేది.

"ఇదెంత?"

"తొమ్మిది."

"ఇది?"

"అక్కడ పన్నే లేదు కదా అత్తయ్యా!"

"లేకపోతే? పన్ను ఊడితే నంబరు కూడా ఊడిపోతుందా ఏమిటే? చెప్పు."

పైన, ఎడమవైపు, పెద్ద దవడ పన్ను ఉండాల్సిన చోటు. "పద్నాలుగు" అంది నవ్వుతూ.

ఆ ఎండాకాలం ఆమె చెంపల మీద ఎర్రటి కందు ముక్కు మీదుగా రెక్కలు చాచింది. పొద్దున్నే లేస్తే వేళ్ళు వంగేవి కావు, వేరేవాళ్ళ వేళ్ళు తగిలించుకున్నట్టుండేది. మధ్యాహ్నానికి మెల్లగా తనవయ్యేవి. రక్తపరీక్షలో సొంత కణాల మీదికే తిరిగే యాంటీబాడీలు కనిపించాయి.

"ఈ ఒక్క పరీక్ష పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బున్నట్టు కాదమ్మా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కనిపిస్తాయి. ఇంకో పరీక్ష చేయించాలి" అంది డాక్టరమ్మ.

"ఒక పరీక్ష చాలదన్నమాట. నాకు అలవాటేలెండి."

రెండోది సొంత డీఎన్ఏ మీదికే ఎగబడే యాంటీబాడీల కోసం. అవీ ఉన్నాయి. లూపస్. ఒంట్లోని కాపలావాళ్ళు ఇంటిమనిషిని పరాయిదనుకుని గుమ్మంలోనే నిలదీస్తున్నారు. ఆమెకి అది కొత్తగా అనిపించలేదు.

"నా చేతులు?" అనడిగింది. అదొక్కటే అడిగింది.

"పని చేసుకోవచ్చు. కిడ్నీలు బాగున్నాయి. మాత్ర రోజూ వేసుకోవాలి, ఎండలోకి పోకూడదు. మందు పట్టడానికి కొన్ని నెలలు పడుతుంది."

లైసెన్సు పరీక్ష అంతకంటే ముందే. పైగా పొద్దుటి బ్యాచిలో.

మధ్యాహ్నానికి మార్చమని అర్జీ పెట్టి, రక్తపరీక్ష రిపోర్టు జత చేసింది. అవతలి పట్టాని పక్కకి నెట్టిన గుమాస్తా ఈ రిపోర్టు మీద మాత్రం ఠక్కున ముద్ర కొట్టాడు. ఇవతల ఆమెకి దొరికిన మొదటి గుర్తింపు అది, జబ్బుమనిషిగా.

"పోనీలే అమ్మాయ్, చెడులో మంచి. ఆ ముద్ర పట్టుకునే లోపలికి దూరు" అంది అత్తగారు.

ఆ మధ్యాహ్నం గొడుగు నీడలో, నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు నడిచి వెళ్ళింది. హాలు కిటికీలకి తెరలు. వరసగా రబ్బరు ముఖాలు నోళ్ళు తెరుచుకుని ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టున్నాయి.

"పద్నాలుగు" అన్నాడు పరీక్షకుడు. "ఏ పన్నో పైకి చెప్పి మొదలుపెట్టండి."

కుడివైపా, ఎడమవైపా? ఒక్క క్షణం నోరంతా వంతెన మీది జనంలా అటూ ఇటూ కదిలింది. అంతలో మధ్యన ఒక ఖాళీ కనిపించింది. దానిమీద తరిగిన కూర వాసనేసే వేలు.

"మా అత్తగారిది" అనేసింది.

పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆమె కూడా నవ్వి, "పైన, ఎడమవైపు, మొదటి పెద్ద దవడ పన్ను" అని సర్దుకుంది. వేళ్ళు వంచి చూసుకుంది. వంగాయి. తనవే.

వర్షాలు పడేవేళకి, ఇన్నాళ్ళూ గొట్టం పట్టుకున్న క్లినిక్కులోనే ఆమె స్టూలు కుర్చీకి కుడిపక్కకి మారింది. కిటికీ తెర ఎప్పుడూ వేసే ఉంటుంది. మొదటి పేషెంటుగా కూర్చున్న అత్తగారు, నోరు తెరవమనకముందే గదమాయించింది:

"అమ్మాయ్, పద్నాలుగు లేదని మళ్ళీ మొదలెట్టకు. పన్ను కట్టు!"