నలభై బాబాయి

దీవిలో కరెంటు చూసే బాబాయికి ఒక్కటే పిచ్చి. ఊరందరికీ కరెంటిచ్చే బ్యాటరీ నలభై శాతం కంటే కిందికి దిగకూడదు. కొంపలంటుకున్నా సరే, నలభై! అందుకే అసలు పేరు మరిచిపోయి అందరూ ఆయన్ని నలభై బాబాయి అనేవాళ్లు.

మబ్బు పట్టిందంటే సోలారు పలకల కంటే ముందు ఆయన మొహం నల్లబడేది. వెంటనే ఇంటింటికీ ఫోన్లు. "బావా, వాషింగ్ మెషిన్ ఆపు. ఆ చొక్కా ఇంకో రోజు తొడిగితే కొంప మునగదు." ఒకసారి సెలూన్లో మిషను ఆగిపోయి, పడవ నడిపేవాడు సగం గుండుతో రెండు రోజులు తిరిగాడు, పాపం.

అందరికంటే గట్టిగా తిట్టేది రిటైరైన హెడ్మాస్టరు గారు. "పిసినారి వెధవ! పోయేటప్పుడు బ్యాటరీ నెత్తిన పెట్టుకుపోతాడా?" అని కిటికీ తెర వెనక నుంచే వీధంతా వినపడేలా అరిచేవారు.

ఒక రోజు దర్జీ అమ్మాయికి గడువు ముంచుకొచ్చింది. బడిపిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేసి మూడింటి పడవకి ఎక్కించాలి. ఆలస్యమైతే వచ్చే ఏడు కుట్టుపని ఇంకొకరికి ఇస్తామన్నారు అవతలి ఒడ్డువాళ్లు. సరిగ్గా పన్నెండింటికి మబ్బేసింది, ఇస్త్రీపెట్టె చల్లబడింది. ఆమె రుసరుసలాడుతూ కంట్రోలు గదికి వెళ్లింది.

"బాబాయ్, నలభై రెండుంది కదా! ఒక్క గంట ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

"గాలి లేస్తుందమ్మా, కాస్త ఆగు."

"లేవకపోతే నా పొట్ట కొట్టినట్టే!"

ఆయన కంప్యూటరు తెర ముందు నుంచి కుర్చీ జరిపాడు. ఇంటింటి వాడకం గీతలన్నీ పైకీ కిందికీ ఎగురుతున్నాయి. ఒక్కటి మాత్రం పగలూ రాత్రీ తిన్నగా సాగుతోంది.

"ఇదెవరిల్లు?"

"హెడ్మాస్టరు గారిది. ఊపిరి మిషను. గీత ఆగకపోతే అనుమానమొచ్చి నేనే వెళ్లి చూశా. కూతురికి తెలిస్తే దీవి నుంచి తీసుకుపోతుందట. ఎవరికీ చెప్పొద్దన్నారు, నువ్వూ నోరు జారకు. రెండు రోజులు ఎండ, గాలి లేకపోయినా అది నడవాలంటే నలభై ఉండాలి."

"నలభై తనకోసమేనని ఆయనకి తెలుసా?"

"తెలిస్తే ఊరికి భారమయ్యానని మిషనే కట్టేస్తారు. తిట్టనీ. అంత గట్టిగా తిడుతున్నారంటే ఊపిరి బాగానే ఆడుతోందన్నమాట."

దర్జీ అమ్మాయికి కళ్లు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. ఒంటిగంటకి గాలిమర తిరిగింది. ఇస్త్రీ ముగించి, మూట నెత్తిన పెట్టుకుని రేవుకి పరుగెత్తింది.

కిటికీలోంచి కేక వినిపించింది. "ఏమ్మా, ఇచ్చాడా ఆ పిసినారి?"

"ఎక్కడ మాస్టారూ! మీరు తిట్టేది ఆయనకి చాలట్లేదు. రోజూ రెండు పూటలా తిట్టండి!"