‘ఆఫ్’ అన్నది నేనే

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పే మాస్టారిని. పందొమ్మిదేళ్లుగా అదే వర్క్‌షాపు, అవే బల్లలు. నాకు కోపం తొందరగా వస్తుందని పిల్లలకు బాగా తెలుసు.

వర్క్‌షాపులో మాకొక పద్ధతి ఉంది. మెయిన్ స్విచ్ నా కుర్చీ పక్కనే ఉంటుంది. వైరింగ్ మొదలుపెట్టే ముందు ప్రతివాళ్లూ “సప్లై ఆఫ్ ఉందా సార్?” అని గట్టిగా అడగాలి. నేను హాజరు పట్టీలోంచి తల ఎత్తకుండానే “ఆఫ్, కానివ్వండి” అంటాను. అప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. అడగకుండా ముట్టుకుంటే ఆ పూటంతా గుమ్మం బయటే. మా దగ్గర ఒక్కరికీ షాక్ కొట్టలేదని ఎక్కడికెళ్లినా గొప్పలు పోయేవాణ్ణి.

కిందటేడు కంపెనీలతో కలిసి పనిచేయాలని పైనుంచి కాగితం వచ్చింది. నెల రోజులు నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవర్ చుట్టూ తిరిగాను. అక్కడ కరెంటు పనులన్నీ చూసే ఇన్‌చార్జి చివరికి మెత్తబడ్డాడు.

“ఒక్కర్ని తీస్కరాండ్రి సార్. పని చేపిచ్చి చూస్త. చెయ్యి మంచిగుంటే అప్రెంటిస్‌గ పెట్టుకుంట” అన్నాడు.

నేను తీసుకెళ్లింది మా బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క అమ్మాయిని. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి పక్క టవర్‌లోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఈ అప్రెంటిస్ పని దొరక్కపోతే కూతుర్నీ తన పనిలోకే తీసుకోమని ఆవిడ తన సూపర్‌వైజర్‌ను అడిగేసింది. యూనిఫాం కొలతలు కూడా ఇచ్చేసిందట. షేర్ ఆటోలో ఆ అమ్మాయే ఈ మాట చెప్పింది.

బేస్‌మెంట్‌లో నీళ్ల పంపుల గది. ఇన్‌చార్జి ఒక ప్యానెల్ తలుపు తెరిచి, లోపల మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాలిపోయింది, మార్చమన్నాడు. పక్కనే స్టూలు మీద ఒక తాళం, ఎర్ర అట్టముక్క, టెస్టర్ పెట్టి ఉన్నాయి. అవెందుకో ఆయన చెప్పలేదు. ఆ ప్యానెల్ నడిపే మోటారు ఆగి ఉంది. గదిలో వేరే పంపుల హోరు.

ఆ అమ్మాయి స్క్రూడ్రైవర్ తీసింది. ప్యానెల్ ముందు నిటారుగా నిలబడి, రెండేళ్లుగా నేర్పినట్టే నా వైపు తిరిగింది.

“సప్లై ఆఫ్ ఉందా సార్?”

“ఆఫ్, కానివ్వమ్మా” అన్నాను.

ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ ప్యానెల్‌ను నేను జీవితంలో చూడలేదు. దానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. నోరు దానంతటదే అనేసింది. ఆమె చెయ్యి లోపలికి వెళ్లబోతుండగా ఇన్‌చార్జి ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. స్క్రూడ్రైవర్ కింద పడింది. ఆయన టెస్టర్ తీసి టెర్మినల్‌కు ఆనించాడు. దీపం వెలిగింది.

ఇన్‌చార్జి టెస్టర్‌ను మళ్లీ స్టూలు మీద పెట్టాడు.

“బంద్ ఉందని ఎవరు జెప్పిన్రమ్మా నీకు?” ఇన్‌చార్జి గొంతు పెంచలేదు. పంపుల హోరులో నా మాట ఆయనకు వినబడినట్టు లేదు, ఆమెనే చూస్తూ అడిగాడు.

“ఎవరు జెప్పలే సార్. నేనే జూస్కోలే. నాదే తప్పు.”

ఆయన జేబులోంచి పెన్ను తీసి, చేతిలోని అప్రెంటిస్ ఫారం మీద ఆమె పేరు కొట్టేయబోయాడు. నేను ఊరుకుంటే సరిపోయేది. మా ఐటీఐ పరువు, నా పందొమ్మిదేళ్లూ చెక్కుచెదరకుండా ఉండేవి. ఊరుకుందామనే అనిపించింది కూడా. సిగ్గు విడిచి చెప్తున్నాను, రెండు మూడు క్షణాలు ఊరుకున్నాను.

“ఆఫ్ అన్నది నేనేనండీ” అన్నాను. “మా దగ్గర పిల్లలు నన్ను అడుగుతారు, నేను చెప్తాను. స్విచ్ ఆపి తాళం వేసి, ఎర్ర అట్ట తగిలించి, టెస్టర్ పెట్టి చూసుకోమని నేనెప్పుడూ నేర్పలేదు.”

ఆయన పెన్ను ఆపాడు. “గిట్ల నడిచే ప్యానెల్ మీద మీరెప్పుడు పని జేసిన్రు సార్?”

అబద్ధం ఆడటానికి ఇక ఓపిక లేదు.

“ఎప్పుడూ చేయలేదండీ. చదువు అవగానే పాఠాలు చెప్పడానికి వచ్చేశాను.”

ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “బిడ్డ సోమవారం నుంచి రావాలె. మీరు గూడ రాండ్రి సార్, సెలవుల్ల. మీరు నేర్సుకున్నంకనే ఇంకో బ్యాచ్‌ను పంపుండ్రి.”

పైకి వచ్చే లిఫ్ట్‌లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె మణికట్టు దగ్గర ఇన్‌చార్జి వేళ్లు పడ్డచోట ఎర్రగా కమిలింది.

“నన్ను కాపాడటానికి తప్పు నీ మీద వేసుకున్నావు. అలా చేయకూడదమ్మా” అన్నాను.

ఆమె అంకెలు మారుతున్న బోర్డు వైపే చూస్తోంది.

“మీ కోసం జెప్పలే సార్” అంది. “మీరు జెప్పింది తప్పంటే, రెండేండ్లు నేను నేర్సుకున్నదంత తప్పైతది గద. గందుకే నా మీదేస్కున్న.”