రెండో చరణం

ఏసోబు డప్పు పట్టుకుంటే ప్రత్తిపాడు చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపులు ముందుకు కదిలేవి కావు. అతనూ, జట్టులోని నలుగురూ గుండ్రంగా తిరుగుతూ, మోకాళ్ళ మీద వంగి లేస్తూ వాయిస్తుంటే చూసేవాళ్ళ కాళ్ళు కూడా ఆడేవి. అలాంటివాడు ఎనభై నాలుగులో బెజవాడ రేడియో స్టేషనుకి పరీక్షకి వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"తప్పు వాయించావా?" అని అడిగింది భార్య ఆదెమ్మ.

"వాయింపు బావుందన్నారు శివపార్వతిగారు. అక్కడ పల్లెపాటలు చూసేది ఆవిడే. 'ఊళ్ళో నీ అడుగులు చూస్తూ వింటారు ఏసోబూ, రేడియోలో కాళ్ళు కనబడవు. పొయ్యి దగ్గర కూర్చుని వినే మనిషికి పట్టుకోడానికి ఒక మాటుండాలి. పల్లవి మొదట్లోనే రావాలి, మళ్ళీ మళ్ళీ రావాలి, మధ్యలో చరణాలుండాలి. వట్టి దరువైతే కాసేపటికి చెవి అలిసిపోద్ది' అన్నారు." డప్పు గోడకి తగిలిస్తూ, "నీ పాట ఉందని చెప్పానే," అన్నాడు.



మిరపకాయలు కోసి ఇంటికొచ్చి, ఏడుస్తున్న చంటిదాన్ని ఎత్తుకోబోయి, మండే చేతులు వెనక్కి తీసుకున్న రోజున ఆ పాట దానంతట అదే నోటికొచ్చింది.

*ముట్టుకోకే తల్లి, ముట్టుకోకే,*
*మిరపకాయ చేతులమ్మ, ముట్టుకోకే.*

చేలో తోటి ఆడవాళ్ళ మధ్య తప్ప ఆమె ఎక్కడా పాడలేదు. చర్చిలో సైతం వెనక వరసలో పెదవులాడించేదంతే.

"నావల్ల కాదయ్యా. నలుగురిలో గొంతు పెగలదు నాకు."

"నలుగురెక్కడే? అక్కడ గదిలో మనమే ఉంటాం."

ఆ గదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. గోడల నిండా మెత్తలు. తలుపు వేయగానే బయటి ప్రపంచం చచ్చిపోయినట్టయింది. తన ఊపిరి తనకే పెద్దగా వినబడింది. ఎర్రదీపం వెలిగింది. మొదటిసారి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఏసోబు దరువు తగ్గించి, చేలో ఆడవాళ్ళ చేతుల వేగానికి తెచ్చాడు. ఆమె కళ్ళు మూసుకుని అందుకుంది. పల్లవి, చరణం, డప్పు, మళ్ళీ పల్లవి. అయిపోయింది.

శివపార్వతి లోపలికొచ్చింది. "చాలా బావుందమ్మా. కానీ పొట్టిగా ఉంది. ఇంకో చరణం లేదా? అది లేకపోతే పాట సగంలో తెగినట్టుంటుంది."

ఉంది. ఉండటమే తంటా. అది చేలో నవ్వుకోడానికి కట్టింది. ఆ చుట్టుపక్కల కోతల దగ్గర గొడుగేసుకుని గట్టు మీద నిలబడే ఆసామి అంకమ్మరావుగారు ఒక్కరే. లేదండీ అందామనుకునేలోపు దీపం వెలిగింది, డప్పు మోగింది. అంత భయంలో కొత్తది కట్టే తెలివి ఎక్కడిది? ఉన్నదే వచ్చేసింది.

*గొడుగు కింద అయ్యగారి చేతులెంతో చల్లన,*
*ఏడ్చే బిడ్డనెత్తమంటే ఏమనునో మెల్లన.*

తిరుగు బస్సు గుంటూరు దాటింది. "ఆయనకి తెలుస్తదంటావా?" అంది చివరికి. 

పాట వచ్చిన సాయంత్రం పేటంతా, జట్టులో వాయించే యేసుపాదం ఇంటి ముందు రేడియో చుట్టూ చేరింది. రెండోసారికే పల్లవి అందరి నోటా పలికింది. ఆదెమ్మ మాత్రం రెండో చరణం మొదలవగానే ఇంట్లోకి పోయి, తలుపేసుకుని, చెవులు మూసుకుంది. అంకమ్మరావుగారుండే పెద్ద వీధిలోనూ రేడియోలున్నాయి.

మర్నాడు చేలో అంకమ్మరావు ఆమె సాలు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "ఏమే ఆదెమ్మా, ఆ చల్లని చేతులు ఎవరియ్యే?"

కాదని చెప్పడానికి నోరు తెరిచింది. కోత ఆపి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఈ చరణానికి పగలబడి నవ్వినవాళ్ళే. 

"మీయేనయ్యా," అంది, వినీవినబడనట్టు.

"రాత్రి అన్నం వడ్డిస్తా మా ఆవిడ అదే పాట తీసింది. నాకు ముద్ద దిగలా. రేపట్నించి నా చేలోకి రాబోకు."

ఆ తర్వాత ఆమె పక్క ఊళ్ళకి నడిచి కూలికి పోయింది. వెనక మోటారుసైకిలు చప్పుడు నెమ్మదిస్తే చాలు, అయ్యగారి మనుషులేమోనని రోడ్డు దిగి కాలవ గట్టుకి పోయేది. ఏసోబు ఆలస్యమైతే వాకిట్లోనే నిలబడిపోయేది. ఎవరూ ఏమీ చేయలేదు. అయినా భయం తగ్గలేదు. పాట మాత్రం రేడియోలో మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆమె అన్నం ముందు నుంచి లేచిపోయేది.

కాయ ముదిరి, కూలీలు దొరకని రోజుల్లో అంకమ్మరావు భార్య సుబ్బరావమ్మ స్వయంగా పేట మొదటికొచ్చింది.

"కాయ రాలిపోతోంది, రావే."

"అయ్యగారు రమ్మన్నారా అమ్మా?"

"వద్దనలేదు."

వెళ్ళింది. అంకమ్మరావు ఆమెను చూసి మొహం తిప్పుకుని అవతలి గట్టుకి పోయాడు. ఆ రోజు చేలో ఎవరూ పాడలేదు.

మరుసటేడు స్టేషను నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. ఆదెమ్మ ఈసారి పత్తి మీద కట్టింది. పల్లవి, రెండు చరణాలూ ఇంట్లోనే కూర్చుకుని, బయల్దేరేముందు ఏసోబుకి గుసగుసగా పాడి వినిపించింది.

"సరిగ్గా చూడయ్యా, ఇందులో ఎవరన్నా కనబడతన్నారా?"